నెలలను వారాల్లోకి మార్చడం ఎలా? ముందు ఆ నాలుగును వదిలేయండి

మా తిరుపతిలో పెరటాసి (సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చే తమిళ నెల) వస్తే శనివారం పూజలు చేసుకునే ఇళ్లు ఎన్నో. నెలంటే నాలుగు వారాలే కదా అని నాలుగు శనివారాలకే అన్నీ సర్దుకుని, ఐదో శనివారం వచ్చిన ఏడాది హడావిడి పడేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఇంగ్లీషు నెలల్లో కచ్చితంగా నాలుగు వారాలుండేది ఫిబ్రవరి ఒక్కటే, అదీ లీపు సంవత్సరం కాకపోతే. మిగతా నెలల్లో రెండు మూడు రోజులు మిగులుతాయి. అందుకే ఏడాదికి 48 కాదు, 52 వారాల ఒక రోజు.

గోడ క్యాలెండర్, పెన్ను, కాగితం చాలు. మొదలుపెట్టిన తేదీ, ముగిసే తేదీ రాసుకోండి. మొదటి రోజును వదిలేసి మిగతా రోజులు కూడి, 7తో భాగించండి. జూన్ 10 నుంచి డిసెంబర్ 10 వరకు 183 రోజులు, అంటే 26 వారాల ఒక రోజు. ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 1 వరకూ ఆరు నెలలే, కానీ మామూలు సంవత్సరంలో 181 రోజులు. 26 వారాలకు ఒక రోజు తక్కువ. తేదీలు తెలియనప్పుడు మాత్రమే నెలల సంఖ్యను 4.345తో గుణించండి. ఫోన్‌లో వచ్చే లెక్క కూడా ఈ సగటే. తేదీలు చేతిలో ఉండగా సగటు ఎందుకు? మా ఇంట్లోనే ఆరు నెలల అప్పుకు 24 వారం కంతులని డబ్బు సర్దుకున్నాం. పుస్తకంలో 26 ఉన్నాయి. ఆ చివరి రెండు కంతుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది గర్భం లెక్కలో. ఇంట్లో పెద్దవాళ్లు "ఎనిమిదో నెల" అంటారు. అంటే ఏడు నిండి ఎనిమిదోది నడుస్తోందని అర్థం, ఎనిమిది నిండాయని కాదు. ఏడు నెలలు నిండితే 30 వారాలు దాటుతాయి, ఎనిమిది నిండితే దాదాపు 35. కాబట్టి "ఎనిమిదో నెల" ఈ రెంటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మార్చే ముందు "నిండాయా, నడుస్తోందా?" అని తప్పకుండా అడగండి.

ఇక్కడ నాలుగుతో గుణిస్తే ప్రమాదమే. తొమ్మిది నాలుగులు 36 కాబట్టి 36 వారాలకే నెలలు నిండాయనుకుంటారు. డాక్టర్ల లెక్కలో 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డే. పూర్తి గడువు 40 వారాలు, అంటే 280 రోజులు. తొమ్మిది నెలల మీద ఇంచుమించు ఒక వారం.

ఈ లెక్క మొదలయ్యేది గర్భం నిలిచిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడితే సుమారు నాలుగు వారాలు తగ్గిపోతాయి. తిథులతో అసలు కలపకండి, చాంద్రమాసం 29న్నర రోజులే. స్కాన్ రిపోర్టులో వారాలు మీ లెక్కకు తేడాగా ఉంటే, డాక్టర్ ఏ తేదీని ఖాయం చేశారో అడిగి, క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గరే గుర్తు పెట్టుకోండి.