మిడి కీబోర్డ్ కొంటున్నారా, నాబ్స్ లెక్కపెట్టే ముందు కీస్ నొక్కి చూడండి

ఇంట్లో మ్యూజిక్ చేద్దామని కీబోర్డ్ కంట్రోలర్ (మిడి కీబోర్డ్ అన్నా ఇదే) కోసం వెతికేవాళ్లు చాలామంది ముందు చూసేది పైన ఎన్ని నాబ్స్ ఉన్నాయి, ఎన్ని ప్యాడ్స్ రంగురంగులుగా వెలుగుతున్నాయి అని. అక్కడే తప్పుదారి పడతారు. నాబ్ లేకపోతే మౌస్ తో తిప్పుకోవచ్చు, ప్యాడ్ లేకపోతే కీస్ మీదే డ్రమ్స్ కొట్టుకోవచ్చు, కానీ కీస్ మీ వేలికి సరిగ్గా రెస్పాండ్ అవ్వకపోతే వాయించిన ప్రతి నోట్ నీ తర్వాత కూర్చుని దిద్దుకుంటూ పోవాలి, అలా రోజూ చేస్తే వాయించాలన్న ఉత్సాహమే పోతుంది. అందుకే కీస్ ముందు, మిగతావన్నీ తర్వాత.

కొత్తవాళ్ల కోసం ఒక మాట, కంట్రోలర్ లో సౌండ్ ఉండదు. మీరు కీ నొక్కితే అది కంప్యూటర్ కి ఫలానా నోట్, ఇంత బలంగా నొక్కారు అని మిడి మెసేజ్ పంపుతుంది అంతే, సౌండ్ వచ్చేది ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్, రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ లో మీరు లోడ్ చేసుకున్న ఇన్‌స్ట్రుమెంట్ నుంచి. కాబట్టి ఖరీదైన కంట్రోలర్ కొంటే సౌండ్ బాగుంటుంది అనే ఆశ పెట్టుకోకండి, బాగుపడేది మీ చేతికి, సౌండ్‌కి మధ్య ఉన్న కనెక్షన్.

ఎన్ని కీస్ కావాలి అనేది మీరు ఏం వాయిస్తారు, టేబుల్ మీద ఎంత చోటు ఉంది అనే రెండిటి మీద ఆధారపడుతుంది. ఫుల్ సైజ్ తెల్ల కీ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, అంటే ఒక ఆక్టేవ్ కి (స నుంచి పై స దాకా, ఏడు తెల్ల కీస్) 16.5 సెంటీమీటర్లు. ఆ లెక్కన 25 కీస్ కి కీస్ వరకే 35 సెంటీమీటర్లు, 49 కి 68, 61 కి 85, 88 కి 122 దాకా పోతుంది, దానికి పక్కన ఉండే వీల్స్ (వేలితో తిప్పే చక్రాలు), అంచులు అదనం. ముందు టేప్ పెట్టి టేబుల్ కొలుచుకోండి. కీబోర్డ్ పెట్టాక మౌస్ కి చోటు మిగలకపోతే వారం తిరక్కుండానే దాన్ని తీసి గోడకి ఆనించేస్తారు, ప్రతిసారీ తీసి పెట్టుకోవాల్సిన వాయిద్యం ఎవరూ రోజూ వాయించరు.

బీట్స్, బేస్ లైన్, చిన్న మెలొడీలు మాత్రమే అయితే 25 చాలు, ఆక్టేవ్ బటన్స్ తో పైకి కిందికి జరుపుకోవచ్చు. కానీ ఎడమచేత్తో కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే నోట్స్), కుడిచేత్తో ట్యూన్ వాయించేవాళ్లు 49 కంటే తగ్గకండి, వీలైతే 61. ఇంకో సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది, ఆర్కెస్ట్రా లైబ్రరీలు (వయొలిన్ లాంటి వాయిద్యాల రికార్డ్ చేసిన సౌండ్స్) వాడేటప్పుడు స్టకాటో (తెంపి వాయించడం), లెగాటో (కలిపి సాగదీయడం) లాంటివి మార్చే కీస్విచెస్ సాధారణంగా కీబోర్డ్ చివర్న ఎక్కడో ఉంటాయి, 25 కీస్ తో అయితే వాయిస్తూ వాటిని అందుకోవడం కుదరదు, ఆపి ఆక్టేవ్ మార్చి మళ్లీ వెనక్కి రావాలి. స్ట్రింగ్స్ రాసే ఆలోచన ఉంటే ఇదొక్కటి చాలు పెద్దది తీసుకోడానికి. 88 మాత్రం పియానో నేర్చుకున్నవాళ్లకే, అది కూడా హ్యామర్ యాక్షన్ అయితేనే.

ఇప్పుడు అసలు విషయం, కీ ఫీల్. మూడు రకాలు వింటారు. సింథ్ యాక్షన్ అంటే స్ప్రింగ్ తో తేలిగ్గా లేచే కీస్, ఆర్గాన్‌కి, లీడ్స్‌కి (ట్యూన్ వాయించే సింథ్ సౌండ్స్) ఫాస్ట్ గా బాగుంటాయి. సెమీ వెయిటెడ్ లో స్ప్రింగ్ తో పాటు కీ కి కొంచెం బరువు కూడా ఉంటుంది, అన్నీ కొంచెం కొంచెం చేసేవాళ్లకి నా ఓటు దీనికే. హ్యామర్ యాక్షన్ లో లోపల నిజంగానే చిన్న సుత్తి కదులుతుంది, పియానో కి అద్భుతం, కానీ దాని మీద వేగంగా డ్రమ్ ప్యాటర్న్ కొట్టాలంటే చెయ్యి అలిసిపోతుంది, బరువు కూడా ఎక్కువ. మినీ కీస్ అని ఇంకోటి ఉంది, బ్యాగ్ లో పట్టేస్తాయి, ఐడియా నోట్ చేసుకోడానికి ఓకే, కాకపోతే పెద్ద వేళ్లున్నవాళ్లకి నల్ల కీస్ మధ్య వేలు ఇరుక్కుంటుంది, అలవాటైన దూరం మారిపోతుంది కాబట్టి మామూలు కీబోర్డ్ మీద ప్రాక్టీస్ ఉన్నవాళ్లు తప్పు నోట్స్ పడుతున్నాయని విసుక్కుంటారు.

పేపర్ మీద సెమీ వెయిటెడ్ అని రాసున్నంత మాత్రాన రెండు కీబోర్డులు ఒకేలా ఉండవు, కాబట్టి చేత్తో చూడాలి. ఎలా అంటే, ముందు ఒక తెల్ల కీ ని చివర, అంటే మీకు దగ్గరగా ఉన్న అంచు దగ్గర మెల్లగా నొక్కండి, తర్వాత అదే కీ ని బాగా లోపల, రెండు నల్ల కీస్ మధ్య నొక్కండి. చౌక కీబోర్డుల్లో లోపల ఉన్న కీ పొడవు తక్కువ, అందుకని అక్కడ నొక్కితే బాగా గట్టిగా అనిపిస్తుంది, కార్డ్స్ వాయించేటప్పుడు వేళ్లు సరిగ్గా అక్కడే పడతాయి కాబట్టి కొన్ని నోట్స్ చిన్నగా, కొన్ని పెద్దగా వస్తాయి. తర్వాత వెలాసిటీ, అంటే కీ ఎంత బలంగా కొట్టారో దాని నంబర్ చూడండి. 1983లో మిడి 1.0 వచ్చినప్పట్నుంచి నోట్ బలం 1 నుంచి 127 మధ్య నంబర్ గానే వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ లో మిడి మానిటర్ (కీబోర్డ్ పంపే నంబర్లు చూపించే విండో) ఓపెన్ చేసి ఒకే కీ ని వీలైనంత మెల్లగా మొదలుపెట్టి కొంచెం కొంచెం బలం పెంచుతూ కొట్టండి, 15, 30, 48, 70 అలా నంబర్లు మెట్లు ఎక్కినట్టు పెరగాలి. మెల్లగా నొక్కినా 60, కొంచెం గట్టిగా నొక్కగానే 127 వస్తే ఆ కీబోర్డ్ తో పియానో వాయించడం కష్టం. చాలా కంట్రోలర్స్ లో వెలాసిటీ కర్వ్ (ఎంత బలానికి ఏ నంబర్ రావాలి అనేది) మార్చే సెట్టింగ్ ఉంటుంది, అది మార్చి మళ్లీ చూడండి, అప్పటికీ మధ్య నంబర్లు దొరక్కపోతే వదిలేయండి. మిడి 2.0 లో ఈ వెలాసిటీ 16 బిట్ కి పెరిగింది, అంటే మెట్లు ఇంకా చాలా ఎక్కువ, 2020లో ఆమోదించారు, కానీ దాని కోసం ఆగాల్సిన పని లేదు, 127 మెట్లు సరిగ్గా దొరికే కీస్ ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు.

వీల్స్ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు గానీ చాలా ముఖ్యం. నోట్ ని పైకి కిందికి వంచే పిచ్ బెండ్ వదలగానే మధ్యకి రావాలి, వైబ్రాటో (నోట్ ని వణికించడం) లాంటివి నడిపే మాడ్యులేషన్ వీల్ మాత్రం ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. అకాయ్ ఎంపీకే మినీ లాంటి చిన్నవాటిలో రెండూ కలిపి ఒక చిన్న జాయ్‌స్టిక్ పెడతారు, అది వదలగానే మధ్యకి వచ్చేస్తుంది. సింథ్ లీడ్ కి వైబ్రాటో ఇవ్వడానికి పర్లేదు, కానీ స్ట్రింగ్స్ లైబ్రరీల్లో సౌండ్ ఎంత తగ్గాలి ఎంత పెరగాలి అనేది చాలావరకు మాడ్యులేషన్ తోనే నడుస్తుంది కాబట్టి వేలు తీయగానే వయొలిన్లన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. ఆర్కెస్ట్రా చేసేవాళ్లకి నిజమైన వీల్ తో పాటు ఒకట్రెండు ఫేడర్స్ (పైకి కిందికి జరిపే స్లైడర్లు) ఉంటే బంగారం, ఒకటి మాడ్యులేషన్ కి అంటే మిడి కంట్రోల్ నంబర్ సీసీ 1, ఇంకోటి సౌండ్ పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ కి అంటే సీసీ 11. ఎనిమిది నాబ్స్ కంటే ఆ రెండు ఫేడర్స్ ఎక్కువ పనికొస్తాయి.

ఆఫ్టర్‌టచ్ అంటే కీ నొక్కి పట్టుకున్నాక ఇంకా ఒత్తితే పంపే సిగ్నల్, నెమ్మదిగా సాగే సింథ్ సౌండ్స్‌కి, లీడ్స్‌కి బాగుంటుంది, లేకపోయినా బతకొచ్చు. కీబోర్డ్ పైన ఉండే ప్యాడ్స్ ని మాత్రం వేళ్లతో డ్రమ్స్ కొట్టేవాళ్లు చూసుకోవాలి, మెల్లగా తట్టినా పలకాలి.

సాఫ్ట్‌వేర్ తో జత కుదరడం కూడా చూడండి, ఎందుకంటే ఏ నాబ్ దేన్ని తిప్పాలో ఒక్కొక్కటిగా సెట్ చేసుకుంటూ కూర్చోవడం చాలామంది మధ్యలోనే మానేస్తారు. నోవేషన్ లాంచ్‌కీ ఏబుల్టన్ లైవ్ ని దృష్టిలో పెట్టుకుని చేసింది, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంప్లీట్ కంట్రోల్ వాళ్ల సొంత సౌండ్స్ తో బాగా కలుస్తుంది, ఆర్టూరియా వాటితో అనలాగ్ ల్యాబ్ అనే సింథ్ సౌండ్స్ సాఫ్ట్‌వేర్ వస్తుంది. మీరు ఇప్పటికే వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఏదో దాన్ని బట్టి చూస్కోండి, ఫ్రీగా వచ్చే సాఫ్ట్‌వేర్ లిస్ట్ చూసి కీబోర్డ్ ఎంచుకోవద్దు.

కనెక్షన్స్ లో యూఎస్బీ క్లాస్ కంప్లయంట్ అని ఉంటే డ్రైవర్ లేకుండా ప్లగ్ చేయగానే పనిచేస్తుంది, ఐప్యాడ్ కి కూడా. పాత హార్డ్‌వేర్ సింథ్ ఉంటే, లేదా కొనే ఉద్దేశం ఉంటే, 5 పిన్ మిడి అవుట్ ఉన్నది తీస్కోండి. సస్టైన్ పెడల్ (తొక్కి ఉంచితే నోట్ సాగే పెడల్) జాక్ ఉందా లేదా తప్పకుండా చూడండి. పెడల్ తొక్కితే సౌండ్ ఆగి, వదిలితే సాగుతుంటే పెడల్ పాడైందని అనుకోకండి, కంపెనీని బట్టి పొలారిటీ, అంటే తొక్కడం వదలడం సిగ్నల్, తిరగబడి ఉంటుంది, పెడల్ మీద కాలు పెట్టకుండా కీబోర్డ్ ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది, లేదా పెడల్ కింద చిన్న స్విచ్ ఉంటుంది.

కీ నొక్కిన తర్వాత సౌండ్ ఆలస్యంగా వస్తోందని కీబోర్డ్ మార్చేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ ఆలస్యం దాదాపు ఎప్పుడూ ఆడియో బఫర్ వల్లే, అంటే కంప్యూటర్ సౌండ్ ని బయటికి పంపే ముందు కొంచెం కొంచెం పోగుచేసుకునే ముక్క. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 శాంపిల్స్ ఉంటే ఆ ఒక్కదానికే 23 మిల్లీసెకన్లు, 128 కి తగ్గిస్తే 3 లోపే. విండోస్ లో అయితే ఏఎస్ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) పెట్టుకుని అప్పుడు చూడండి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు మాత్రం ఓపిగ్గా మిడి మానిటర్ ముందు కూర్చుని మొదటి కీ నుంచి చివరి కీ దాకా ఒక్కొక్కటే నొక్కండి. లోపల రబ్బర్ కాంటాక్ట్స్ లో దుమ్ము చేరితే ఒకసారి నొక్కితే రెండు నోట్స్ పడతాయి, లేదా మెల్లగా నొక్కినా 127 వస్తుంది. పిచ్ వీల్ ముట్టుకోకుండా ఉన్నప్పుడు నంబర్లు వాటంతటవే కదలకూడదు, నాబ్ ని మెల్లగా తిప్పితే మధ్యలో ఎగిరి దూకకూడదు. యూఎస్బీ కేబుల్ ని పోర్ట్ దగ్గర కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి, లైట్లు ఆరి వెలిగితే ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.