పన్ను నొప్పి: ఏ తీరు నొప్పికి ఏ వైద్యం

మా పర్లాకిమిడిలో పన్ను నొప్పంటే ముందు లవంగం, తగ్గకపోతే గుడాకు (బెల్లం మడ్డి కలిపిన పొగాకే అది, మందు కాదు), అదీ కాకపోతే మందుల షాపులో యాంటీబయోటిక్. నేనూ ఇదే వరసలో వెళ్లి ఓ దవడ పన్ను పోగొట్టుకున్నాను.

చల్లనీళ్లకి జివ్వుమని రెండు మూడు సెకన్లలో పోతోందా? పిప్పి ఇంకా నరం దాకా పోలేదు, లేదా చిగురు కిందకి జారింది. పిప్పి అయితే ఫిల్లింగ్‌తో సరి.

టీ తాగాక నిమిషాల తరబడి సలుపుతోందా, పడుకోగానే పోటెత్తుతోందా, ఏ పన్నో వేలు పెట్టి చూపించలేకపోతున్నారా? నరం కోలుకోలేనంతగా వాచింది. నాదిదే. వేడి తగిలితే ప్రాణం పోయేది, పఖాళ (చద్దన్నం) నీళ్లు పుక్కిట పడితే మాత్రం హాయి, ఆ గిన్నె పక్కన పెట్టుకునే పడుకునేవాణ్ణి. దీనికి రూట్ కెనాల్, లేదంటే పన్ను తీయించడం. యాంటీబయోటిక్ ఈ నొప్పిని తగ్గించదు. వాపు, జ్వరం ఉంటే డాక్టరు చీము తీసి రాసిస్తారు, అది వేరే సంగతి. ఐదో రోజు నొప్పి ఆగిపోతే మాత్రలు పనిచేశాయనుకున్నా. నరం చచ్చిపోయిందట! నెల తిరక్కుండా, నమిలితే ఆ పన్నొక్కటే ఎత్తుగా తగలడం మొదలైంది. డాక్టరు అద్దం కాడతో ఒక్కో పన్నూ తడుతూ దాని దగ్గరకొచ్చేసరికి కుర్చీలో ఎగిరిపడ్డాను. చల్లటి దూది పెడితే పక్క పళ్లన్నీ జివ్వుమన్నాయి, అది మాత్రం ఉలకలేదు పలకలేదు. ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి మచ్చ.

కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్ను చీలిందేమో, క్యాప్ వేయించాల్సి రావొచ్చు. చివర చిగురు వాచి నోరు తెరుచుకోకపోతే జ్ఞానదంతం. పై పళ్లన్నీ కలిపి నొప్పి, వంగితే ఇంకా ఎక్కువ అయితే సైనస్. మెట్లెక్కితే దవడ లాగి, కూర్చుంటే తగ్గుతోందంటే వెంటనే గుండె డాక్టరుకి చూపించుకోండి.

డాక్టరు దొరికేలోగా పెద్దవాళ్లు ఏదైనా తిన్నాక ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 500 కలిపి వేసుకోవచ్చు. అల్సర్, కిడ్నీ జబ్బు, గర్భం, రక్తం పలుచన చేసే మాత్రలు, వీటిలో ఏదున్నా ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. ఆస్పిరిన్ నలిపి చిగురుకి పెట్టారో, అక్కడ కాలి పుండవుతుంది.

వాపు గడ్డం కిందకి దిగి, మింగలేక, ఊపిరాడకపోతే పాతపట్నమా బరంపురమా అని ఆలోచిస్తూ తెల్లారేదాకా కూర్చోకండి. 108కి కొట్టండి, ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రాలోనూ అదే నంబరు.