హరికేన్ తీరం దాటాక: ఇంటికి తిరిగి వెళ్ళేవారికి జాగ్రత్తలు

అట్లాంటిక్ తీరంలో హరికేన్ల (ఆ సముద్రంలో పుట్టే తీవ్రమైన తుపానుల) కాలం ఏటా జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. కిటికీలకు చెక్కలు బిగించడం, నీళ్ళు నిల్వ చేసుకోవడం, ఊరు ఖాళీ చేయడం గురించి ఈ కాలం రాకముందే చెప్పేవారు చాలామంది ఉంటారు గాని, గాలి తగ్గిన తరువాతి పది పదిహేను రోజుల సంగతి చెప్పేవారు తక్కువ. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ కరీబియన్ సముద్రంలోని అమెరికా పాలిత ద్వీపం ప్యూర్టో రికోను తాకిన తరువాత అధికారిక లెక్కలో మృతుల సంఖ్య చాలా కాలం 64 గానే ఉండిపోయింది. మరుసటి ఏడాది జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆ సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలుగా సంభవించే వాటికంటే అదనంగా ఎన్ని మరణాలు జరిగాయో లెక్కగట్టి 2,975 అని తేల్చారు. అక్కడి ప్రభుత్వం ఆ సంఖ్యనే అంగీకరించింది. ద్వీపంలో నెలల తరబడి కరెంటు లేదు, చాలాచోట్ల ఆసుపత్రికి వెళ్ళే దారి లేదు, ఎక్కువగా నష్టపోయినవారు వృద్ధులూ పేదలూ. అందుకే ఈ జాగ్రత్తలన్నీ తుపాను వెళ్ళిపోయిన తరువాతి రోజులకు సంబంధించినవి.

అది నిజంగా వెళ్ళిపోయిందో లేదో ముందుగా తెలుసుకోవాలి. హోరుగాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడి, ఎండ కూడా కనిపించిందంటే మీరు తుపాను కన్ను (సుడి నడుమ ఉండే ప్రశాంతమైన భాగం) కింద ఉన్నారని అనుమానించవలసిందే. కన్ను దాటిపోగానే గాలి అంతే ఉధృతంగా, ఈసారి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ కాస్త వ్యవధిలో పైకప్పు చూసి వద్దామని బయటికి వెళ్ళినవారు తిరిగి లోపలికి చేరలేకపోవచ్చు. గాలి పూర్తిగా సద్దుమణిగిన తరువాత కూడా నీటి ముప్పు మిగిలే ఉంటుంది. 2018లో ఫ్లోరెన్స్ హరికేన్ అమెరికాలోని నార్త్ కరొలైనా తీరం దాటిన తరువాత అక్కడి నదులు గరిష్ఠ మట్టానికి చేరడానికి మరి కొన్ని రోజులు పట్టింది. కాబట్టి ఇంటి దగ్గర వాన లేదని కాక, తిరిగి రావచ్చునని అధికారులు ప్రకటించారా లేదా అన్నదే చూసుకుని బయలుదేరాలి.

దారిలో నీరు పారుతుంటే దాని లోతును కంటితో అంచనా వేయవద్దు. వేగంగా పారే నీరు ఆరంగుళాలుంటే నిలబడ్డ మనిషిని పడదోస్తుంది, అడుగు లోతుంటే చిన్న కార్లను తేల్చేస్తుంది, రెండడుగులుంటే చాలా వాహనాలను మోసుకుపోతుంది. పైగా బురదనీటి కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో పైకి తెలియదు. తెగిపడిన తీగ కరెంటు తీగైనా, టెలిఫోను తీగైనా దానిలో కరెంటు ఉన్నట్టుగానే భావించి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. అది నీళ్ళలో పడి ఉంటే ఆ నీళ్ళ జోలికే పోకూడదు.

ఇంటికి పగటిపూటే చేరుకోండి. తలుపు తెరిచే ముందు చుట్టూ ఒకసారి తిరిగి గోడలు పగిలాయేమో, పునాది కింద మట్టి కోసుకుపోయిందేమో, పైకప్పు ఒక పక్కకు ఒరిగిందేమో చూడండి. గ్యాస్ వాసన గాని, బుస్సుమనే శబ్దం గాని ఉంటే లోపలికి వెళ్ళకుండా, ఏ స్విచ్చూ ముట్టకుండా, దూరంగా వెళ్ళిన తరువాతే ఫోను చేయాలి. లోపలికి వెళ్ళాక మొదట చూడవలసినది గోడ మీద నీరు వదిలి వెళ్ళిన గీత. బురద రంగులో, అంగుళం వెడల్పున, గది చుట్టూ తాడు కట్టినట్టు సమంగా సాగే ఆ గీత ప్లగ్ పాయింట్లకు పైన ఉందంటే గోడలోని వైర్లు కూడా మునిగాయని అర్థం. పైకి ఆరినట్టు కనిపించినా, ఉప్పెన నీటిలోని ఉప్పు సాకెట్ల లోపల పేరుకుని తరువాతెప్పుడో నిప్పు రాజేయగలదు. ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా ఆ ఇంటికి కరెంటు ఇవ్వకూడదు. మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళాలంటే నీళ్ళలో నిలబడక తప్పదనుకుంటే ఆ పని మీరు చేయవలసినది కాదు. ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ వాహనాలకూ ఇదే వర్తిస్తుంది. 2022లో ఇయాన్ హరికేన్ తరువాత ఫ్లోరిడాలో అలాంటి వాహనాలు కొన్ని రోజులు గడిచాక కూడా అంటుకున్నాయి గనుక, వాటిని ఇంటికి కనీసం 50 అడుగుల దూరానికి తరలింపజేయాలే తప్ప ఛార్జింగు పెట్టి చూడకూడదు.

ఇక జనరేటరు. నన్నడిగితే, తుపాను తరువాత ఇంటికి వచ్చే వస్తువులన్నింటిలోనూ ఇదే ప్రమాదకరమైనది, ఎందుకంటే మిగతా ప్రమాదాలు కంటికి కనిపిస్తాయి. జనరేటరు వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైనప్పుడు, రోజంతా బురద ఎత్తిపోసిన మనిషి దాన్ని అలసట అనుకుని పడుకుంటాడు. నిద్రలోనే ప్రాణం పోతుంది. 2020 ఆగస్టులో లూసియానాను గంటకు 240 కిలోమీటర్ల గాలులతో తాకిన లారా హరికేన్ తరువాత, ఆ రాష్ట్రంలో తొలి రోజుల్లో నమోదైన మరణాలలో సగానికి పైగా ఈ వాయువు వల్ల జరిగినవే. జనరేటరును ఇంట్లో గాని, గ్యారేజీలో గాని, వరండాలో గాని నడపకూడదు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచాం కదా అన్న సమాధానం పనికిరాదు. కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి ఎదురుగా కాక అవతలి వైపు తిరిగి ఉండేలా పెట్టాలి. పొరుగింటి కిటికీ కూడా కిటికీయేనని గుర్తుంచుకోవాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం పడకగదుల దగ్గర తప్పనిసరిగా ఉండాలి. బొగ్గుల కుంపటి, క్యాంపు స్టవ్వు ఇంట్లో వెలిగించినా ఇదే విషం పుడుతుంది.

పెట్రోలు పోసే ముందు ఇంజను ఆపి చల్లారనివ్వాలి. జనరేటరు నుంచి తీగ తెచ్చి గోడ ప్లగ్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకోవడం కొందరికి తెలివైన ఉపాయంగా తోస్తుంది. అలా చేస్తే ఆ కరెంటు వెనక్కి ప్రవహించి, వీధి ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులకు పెరిగి, కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. ఇంటిని వీధి లైను నుంచి విడదీసి జనరేటరుకు కలిపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ లేకపోతే ఉపకరణాలను ఎక్స్‌టెన్షన్ తీగలతో నేరుగా జనరేటరుకే తగిలించాలి.

తాగే నీటి విషయంలో స్థానిక ప్రకటన వెలువడేదాకా కుళాయి నీటిని నమ్మవద్దు. సీసా నీళ్ళు లేకపోతే, నీటిని తేరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలైనప్పటి నుంచి ఒక నిమిషం మరగనివ్వాలి. మరిగించే వీలు లేనప్పుడు, సువాసనలు కలపని 5 నుంచి 9 శాతం గాఢత గల బ్లీచును లీటరుకు రెండు చుక్కల చొప్పున వేసి అరగంట ఆగాలి. నీరు మసకగా ఉంటే నాలుగు చుక్కలు వేయాలి. అరగంట తరువాత క్లోరిన్ వాసన లీలగా తగులుతుండాలి. అయితే పెట్రోలో, పురుగుమందులో, ఇతర రసాయనాలో కలిసిన నీటిని మరిగించినా, బ్లీచు వేసినా తాగడానికి పనికిరాదు.

కరెంటు పోయిన తరువాత, తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని ఆహారం సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోనిది 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు నిలుస్తుంది. ఊరు విడిచి వెళ్ళేవారు ఒక చిన్న పని చేసి వెళితే మంచిది. కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక నాణెం పెట్టి, ఫ్రీజర్‌లోనే ఉంచాలి. తిరిగి వచ్చేసరికి నాణెం పైనే ఉంటే మంచు కరగలేదన్నమాట. అది కప్పు అడుగున గడ్డలో చిక్కుకుని కనిపిస్తే, మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని తెలుస్తుంది, ఇక ఆ ఆహారమంతా పారవేయవలసిందే. రుచి చూసి తేల్చుకుందామనుకోవడం చాలా ప్రమాదం. ముంపు నీరు తగిలిన ఆహారాన్నీ, మందులనూ వాడకూడదు. ఇన్సులిన్ వాడేవారు, ఆక్సిజన్ యంత్రం మీదా డయాలసిస్ మీదా ఆధారపడేవారు కరెంటు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోక, సదుపాయం ఉన్నచోటికి ముందే చేరుకోవాలి.

బురద శుభ్రం చేయడానికి దిగేవారికి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మందమైన చేతితొడుగులు, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు కావాలి. ఒంటి మీద మానని పుండు గాని, కోసుకున్న గాయం గాని ఉంటే ఆ నీళ్ళలో దిగనేకూడదు. 2005లో కత్రినా హరికేన్ తరువాత 22 మందికి, ఉప్పునీటిలో బతికే విబ్రియో బ్యాక్టీరియా సోకగా వారిలో ఐదుగురు మరణించారు. ఎక్కువమందికి అది గాయాల ద్వారానే సోకింది. గాయమైతే వెంటనే సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. గాయం చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, జ్వరం వచ్చినా మరుసటి ఉదయం దాకా ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

తడిసిన ఇంట్లో బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. పరుపులు, తివాచీలు, నీరు పీల్చిన గోడపలకల వంటివాటిని మమకారంతో ఆరబెట్టుకోవడం వృథా శ్రమ. బీమా కోసం వాటినీ, గోడ మీది గీతనూ ఫొటోలు తీసుకుని బయటికి చేరవేయండి. గట్టి నేలలనూ గోడలనూ బ్లీచుతో కడిగేటప్పుడు దానిలో అమ్మోనియా గాని, ఆమ్లం గాని ఉన్న మరే ద్రావకాన్నీ కలపవద్దు, విషవాయువు పుడుతుంది.

పడిన చెట్లను కోయడం అనుభవం లేనివారు చేయవలసిన పని కాదు. వంగి, మరో చెట్టుకు చిక్కుకున్న కొమ్మ విల్లులా బిగుసుకుని ఉంటుంది. రంపం తగలగానే విదిలించి కొడుతుంది. గుండె జబ్బున్నవారు ఎండలో బరువులు ఎత్తడం మానాలి.

వీధికి కరెంటు తిరిగి వచ్చే ముందే ఒకసారి ఇల్లంతా తిరిగి స్టవ్వు, ఇస్త్రీ పెట్టె, హీటరు మీటలన్నీ ఆపి ఉన్నాయో లేదో చూసుకోండి. తుపాను రోజున కరెంటు పోయిన క్షణంలో ఏది నడుస్తున్నదో ఎవరికీ గుర్తుండదు, ఈలోగా స్టవ్వు మీద ఎవరో తడి బట్టలు పెట్టి ఉండవచ్చు. వచ్చాక బ్రేకర్లన్నీ ఒకేసారి వేయక ఒక్కొక్కటిగా వేస్తూ, మాడిన వాసన గాని, చిటపట శబ్దం గాని వస్తే వెంటనే ఆపివేయాలి.