పచ్చిక తీసి, తక్కువ నీటితో బతికే తోట వేసుకోవడం ఎలా?

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు నిలిస్తే అది ఒక లీటరు అవుతుంది. నడివేసవిలో హైదరాబాదు వంటి ఊళ్లలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల వరకు నీరు అవసరమవుతుంది కనుక, 100 చదరపు మీటర్ల లాన్ 5,000 లీటర్ల ట్యాంకరును పది రోజుల్లో తాగేస్తుంది. పిల్లలు ఆడుకునే కొద్దిపాటి జాగాను ఉంచుకుని, గడ్డి కోయడానికి తప్ప ఎవరూ అడుగుపెట్టని మిగతా పచ్చికను తీసివేయడం మంచిది.

గడ్డిని చంపడమే ఇందులో అసలు కష్టం. గరిక ఉన్న నేలను యంత్రంతో దున్నించకూడదు, ఎందుకంటే తెగిన ప్రతి కణుపూ మళ్లీ చిగురిస్తుంది. ఏప్రిల్ నెల మధ్యలో గడ్డిని నేలమట్టంగా కోసి, మట్టిని బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను నేలకు అంటుకునేలా పరచి, అంచులను మట్టితో కప్పాలి. ఆరు వారాలు అలాగే ఉంచితే మండు వేసవి ఎండకు పైపొరలోని వేళ్లు ఉడికిపోతాయి. లోతున మిగిలినవాటిని గునపంతో పెళ్లగించి ఏరివేయాలి. చెట్టు నీడ పడే చోట ఈ పద్ధతి పనిచేయదు, అక్కడ చేతితో తవ్వుకోవలసిందే.

తర్వాత డాబా మీది వాన నీరు గోడల వైపు పోకుండా తోటలోకి మళ్లేలా, మధ్యలో జానెడు లోతున పళ్లెం ఆకారపు గుంటలు తీసి, నేలలో పశువుల ఎరువు కలపాలి.

మృగశిర కార్తెలో వానలు పడ్డాక మొక్కలు నాటాలి. తంగేడు, కాగితంపూలు, కలబంద, దేవగన్నేరు ఒక వైపు, కాస్త ఎక్కువ తడి కోరే నందివర్ధనం, కరివేపాకు మరొక వైపు ఉంటే నీరు పెట్టడం తేలికవుతుంది. గన్నేరు ఎండకు బాగా తట్టుకుంటుంది కానీ విషపు మొక్క, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. ఖాళీ జాగాలో కంకర నింపడం చూపుకు బాగుంటుందేమో కానీ, వేసవిలో అది పెనంలా కాలుతుంది. దానికి బదులు వేరుశెనగ పొట్టు గానీ ఎండుటాకులు గానీ మూడంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరచాలి.

మొదటి ఏడాది ఈ మొక్కలకూ క్రమంగా నీరు కావాలి, డ్రిప్ గొట్టం ఉంటే సులువు. తర్వాత పైమట్టి ఎండినంత మాత్రాన గొట్టం పట్టకుండా, వేలు లోపలికి గుచ్చి చూసి, అక్కడా తడి తగలకపోతేనే నీరు పెట్టాలి.