ప్లాటు ఏ జోన్‌లో ఉందో అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) చూసుకుని "అన్నీ క్లియర్" అనేసుకుంటారు. ఆ కాగితాలు భూమి ఎవరిదో చెబుతాయి, అంతే. అక్కడ ఇల్లు కట్టనిస్తారా లేదా అన్నది మాస్టర్ ప్లాన్ చెప్పాలి. ఏ భూమిని దేనికి వాడాలో జోన్లుగా విడదీసిన ప్రభుత్వ పటం అది. అది చూడకుండా రిజిస్ట్రేషన్ చేయించుకుని, తర్వాత ప్లాన్ గీయించుకోవడానికి వస్తారు. అప్పుడు ఎవరైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

ముందు కాగితాలు. సర్వే నంబర్, గ్రామం, మండలం, పాస్‌బుక్ జిరాక్సు, లేఅవుట్ ఉంటే దాని కాపీ, గ్రామ నక్షా. అమ్మేవాళ్లు సర్వే నంబర్ చెప్పడానికి నసిగితే అక్కడితో లేచి వచ్చేయండి.

తర్వాత ఏ ప్లాన్ కిందికి వస్తుందో చూడండి. 2013లో నోటిఫై అయిన హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ 2031 ఒక్కటే అందరికీ వర్తించదు. కోర్ ఏరియాకు, సైబరాబాద్‌కు, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలకు, ఔటర్ గ్రోత్ కారిడార్‌కు విడివిడి ప్లాన్లు ఉన్నాయి.

ఇక ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు, అంటే మీ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో రాసిచ్చే కాగితానికి, అప్లై చేయండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపే మాస్టర్ ప్లాన్ మ్యాప్ రంగుల స్క్రీన్‌షాట్లు దానికి బదులు కావు. ఫోన్‌లో వేలితో జూమ్ చేస్తే జోన్ గీత ఒక్కటే రోడ్డంత లావు కనిపిస్తుంది. మీ ప్లాటు ఆ గీతకు ఇవతలో అవతలో అందులో తేలదు. మ్యాప్‌ను పెద్ద సైజులో ప్రింటు తీయించుకుని బల్ల మీద పరిచి చూడాల్సిందే.

దెబ్బతినేది ఇక్కడే. సర్టిఫికెట్ ఇచ్చేది సర్వే నంబర్‌కు. ఒక్కో సర్వే నంబర్ ముప్ఫై ఎకరాలు ఉండొచ్చు, అందులో మీది రెండొందల గజాలు. సర్టిఫికెట్‌లో 'పార్ట్‌లీ రెసిడెన్షియల్, పార్ట్‌లీ కన్జర్వేషన్' అని ఉంటుంది, అంటే కొంత ఇళ్లకు, కొంత ఇళ్లకు కాకుండా అట్టిపెట్టిన జోన్ అని. అమ్మేవాళ్లు మొదటి ముక్క చదివి వినిపిస్తారు. పార్ట్‌లీ అన్న మాట కనిపించిందంటే అడ్వాన్స్ జేబులోనే ఉండాలి.

"మా బిట్టు 120/అ అండీ, అది రెసిడెన్షియల్ వైపే" అంటారు. ఆ 'అ' పాస్‌బుక్‌లో ఉంటుంది. నక్షాలో చూస్తే చాలాచోట్ల 120 ఒక్కటే ఉంటుంది, లోపల గీతలుండవు. అన్నదమ్ములు కాగితం మీద పంచుకున్నారు తప్ప సర్వే చేయించి హద్దులు వేయించుకోలేదు. అలాంటప్పుడు ఏ బిట్టు ఏ జోన్‌లో ఉందో నోటితో ఎవరూ చెప్పలేరు. లైసెన్స్‌డ్ సర్వేయర్‌ను తీసుకెళ్లి ప్లాటు నాలుగు మూలలకూ డీజీపీఎస్ (శాటిలైట్‌తో కచ్చితంగా చోటు చూపే పరికరం) రీడింగ్ తీయించండి, వాటిని మాస్టర్ ప్లాన్ షీటు మీద వేయించండి. జోన్ గీత వంద అడుగుల లోపు ఉంటే ఆ ప్లాటు వదిలేయాలి. సర్వేయర్ "పర్లేదు సార్" అన్నా సరే.

చెరువు దగ్గర ఇంకా జాగ్రత్త. జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ, వదలాలి. ఈ కొలత మొదలయ్యేది ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే అంచు నుంచి. ఏప్రిల్‌లో వెళ్తే నీళ్లు ఎక్కడో దూరాన ఉంటాయి, మీరు నిలబడిన నేల పగుళ్లిచ్చి క్రికెట్ ఆడుకునేలా ఉంటుంది. ఆ నేలే ఎఫ్‌టీఎల్ లోపల ఉండొచ్చు. ప్లాటు చూడ్డానికి వానాకాలంలోనే వెళ్లాలి.

"నాలా అయిపోయింది కదా, ఇంకేం భయం" అనేవాళ్లు ఎక్కువ. ఈ నాలా అంటే మురికి కాలువ కాదు. నాలా కన్వర్షన్ రెవెన్యూ వ్యవహారం, సాగుభూమిని సాగేతర భూమిగా మార్చుకోవడం. దానితో మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. అందుకు ఛేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ కావాలి, దానికి ప్రభుత్వం విడిగా జీవో ఇవ్వాలి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే మాట్లాడదామని చెప్పండి.

రోడ్డు సంగతి తేలిక. మాస్టర్ ప్లాన్ రోడ్డు మీ ప్లాటు మీదుగా పోతోందేమో చూడండి, ఉన్న రోడ్డును టేపు పెట్టి కొలవండి. ఇరవై అడుగుల రోడ్డును ముప్ఫై చేయాలంటే మధ్య గీత నుంచి లెక్కేసి రెండు వైపులా చెరో అయిదు అడుగులు పోతాయి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఆ పోయిన తర్వాతి అంచు నుంచి మొదలవుతుంది. మేస్త్రీలు మాత్రం ఇప్పటి కాంపౌండ్ గోడ నుంచే కొలిచేస్తారు.

చివరికి పర్మిషన్. ఇంటి అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి వస్తుంది. వచ్చింది కాబట్టి అధికారులు జోన్ చూసే ఇచ్చారనుకోకండి. వివరాలు సరైనవని సంతకం పెట్టేది మీరు. తప్పని తేలితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. అందుకే సర్వేయర్ ఇచ్చిన స్కెచ్, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ రెండూ పక్కన పెట్టుకుని, ఆ ఫారంలో ప్రతి గడీ మీరే నింపండి. ఆ పని నెట్ సెంటర్ కుర్రాడికి అప్పజెప్పకండి.