స్పీకర్లలో హమ్ మోత వదిలించుకోవడం ఎలా?

పాట ఆపినా స్పీకర్ "మ్‌మ్..." అంటూనే ఉందా? వాల్యూమ్ తిప్పి చూడండి. మోత దానితోపాటు పెరిగితే లోపం యాంప్లిఫయర్‌కి ముందున్న వాటిలో ఉన్నట్టు. అలాగే ఉంటే యాంప్లిఫయర్‌లోనే, ముఖ్యంగా కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడ్డాయేమో వెతకాలి.

ఇప్పుడు యాంప్‌కి పాట తెచ్చే ఎరుపు-తెలుపు పిన్నుల ఆర్‌సీఏ వైర్లు ఒక్కోటే పీకండి (యాంప్ ఆపి పీకాలి, లేకపోతే స్పీకర్లో "ఠప్"మంటుంది). ఏది పీకితే మోత ఆగిందో తప్పు దానిదే, చాలా ఇళ్లలో అది సెట్‌టాప్ బాక్సే. వీధిలోంచి వచ్చే టీవీ కేబుల్ లోపలి లోహపు జాలీ ఒక ఎర్త్ తెస్తుంది, ప్లగ్గు ఇంకోటి ఇస్తుంది. రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా ఆర్‌సీఏ వైరు షీల్డ్ (లోహపు తొడుగు) మీదుగా కరెంటు పారి 50 హెర్ట్జ్ మోత పుడుతుంది. అన్నిటికీ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి కరెంటివ్వండి. తగ్గకపోతే బాక్సుకీ యాంప్‌కీ మధ్యలో, ఆ ఎర్త్ దారిని తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. మరీ చవక రకం బేస్ తినేస్తుంది. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, బాడీకి షార్టయితే ప్రాణాలే పోతాయి.

విజయవాడ ఎండలకు మే నాటికి ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది, రెండు బకెట్ల నీళ్లు పోయండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్-ఎర్త్ మధ్య 5 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

"జిర్‌ర్" మంటే వేరే కథ. ఫ్యాన్ ఆపితే అది ఆగిందా? అయితే ఫ్యాన్‌కున్న డిమ్మర్ తరహా రెగ్యులేటర్ (నాబ్ తిప్పితే స్పీడు అంచెలు లేకుండా మారేది) తీసేసి కెపాసిటర్ స్టెప్ రకం బిగించండి.