మృగశిరకు ముందే కారును ఆరబెట్టండి

మృగశిర కార్తె రోజున చేపలు కొని డిక్కీలో వేసుకొస్తాం. సంచి నుంచి కారిన నీళ్లు కార్పెట్‌లోకి దిగుతాయి. ఆపైన ముసురు పడితే అద్దాలు దించే వీలుండదు. ఇక శ్రావణమంతా నీచు ముట్టని ఇంట్లో కూడా కారు మాత్రం చేపల బుట్టలా ఉంటుంది. అందుకే కారులోని పాత తడి, వాసన వదిలించే పని జూన్ మొదటి వారంలోపు, ఎండ ఉండగానే ముగించాలి. చేపలు తెచ్చేటప్పుడు మూత ఉన్న బకెట్ మరవకండి.

ముందు కారులో పెట్టుకున్న సెంటు సీసా తీసేయండి. అది ఉండగా అసలు వాసన ఎక్కడిదో దొరకదు. మ్యాట్లు తీసి, కింది కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా నొక్కండి. పైకి పొడిగా ఉన్నా అడుగున స్పాంజి తడిసి ఉండవచ్చు. ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర చెమ్మ తగిలితే ఏసీ నీళ్లు పోయే గొట్టాన్ని అనుమానించండి. ఉక్కపోత రోజున ఏసీ నడుస్తున్నా కారు కింద చుక్క పడకపోతే అది మూసుకుపోయినట్టే. వేపచెట్టు కింద కారు నిలిపేవారు వైపర్ల కింద పేరుకున్న ఆకులు, పూత ఏరేయాలి. లేకపోతే వాననీరు లోపలికి దారి చూసుకుంటుంది.

ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తే లోపలి కాయిల్ తడి ఆరక బూజు పట్టిందన్నమాట. ఇల్లు చేరడానికి ఐదు నిమిషాల ముందే ఏసీ ఆపి, బయటి గాలితో ఫ్యాన్ ఒక్కటే నడపండి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు అర వెనక ఉండే ఫిల్టర్ నల్లబడితే మార్చేయండి. అక్కడే ఎలుక గూడు కనిపించినా ఆశ్చర్యపోకండి. గ్లౌజులు, మాస్కు లేకుండా మాత్రం చెయ్యి పెట్టవద్దు.

పాలు ఒలికితే వెంటనే గుడ్డతో అద్ది, చన్నీళ్లతో తుడవాలి. నీచు వాసనకు వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అద్దండి. బాగా ఆరాక వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేయండి. వెనిగర్ వాడిన చోట బ్లీచింగ్ వద్దే వద్దు, విషవాయువు పుడుతుంది. సీటు కింద కలరా ఉండలు పెట్టడం మరో పిచ్చి అలవాటు. మూసిన కారులో వాటి ఆవిరి పసిపిల్లలకు చాలా చేటు.

కొన్ని వాసనలు కడిగితే పోయేవి కావు. తియ్యటి వాసన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోందనడానికి గుర్తు కావచ్చు. పెట్రోలు వాసన, వైరు కాలిన వాసన, పొగ వాసన వస్తే అద్దాలు దించి, బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరూ దిగాకే మెకానిక్‌కు ఫోను చేయండి.